దేవుణ్ణి తలుచుకుంటే ఏడుపే వస్తోందన్న చెల్లెమ్మకు

అమ్మా, వందనాలు.

మీరు రాసింది నిదానంగా చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీ మాటల్నే కాస్త కుదించి ముందు చెప్తాను. మీది పరకాల దగ్గర పల్లె. మీ ఆయన కౌలుకు తీసుకుని పత్తి వేశారు. నిరుడు గులాబీ రంగు పురుగు తిన్నది. ఈసారి కాయ పగిలే వేళకు వానలు పట్టుకున్నాయి. తడిసిన పత్తిని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలుకుపోతే తేమ ఎక్కువుందని ధర బాగా కోశారు. ఆ రోజు ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయన సరిగ్గా మాట్లాడటం లేదు. అప్పు మీద మిత్తి పెరుగుతోంది, మీరు కైకిలికి, అంటే కూలి పనికి పోతున్నారు. జనవరి ఒకటిన చర్చిలో వాగ్దాన కార్డు, అంటే ఆ ఏటికని ఒక బైబిలు వాక్యం రాసిన కార్డు తీసినప్పుడు మీ ఇంటికి "పొలములో దీవింపబడుదువు" అని వచ్చింది. మీరు లేచి నిలబడి ఈ ఏడు దేవుడు మా చేను దీవిస్తాడని సాక్ష్యం చెప్పారు. ఇప్పుడు ఆ చర్చికి వెళ్లాలంటే సిగ్గుగా ఉంది. బైబిలు తెరిస్తే అక్షరాలే కనిపిస్తున్నాయి గానీ ఏదీ లోపలికి పోవడం లేదు. "అందరూ దేవుణ్ణి జ్ఞాపకం చేసుకో, ధైర్యం వస్తుంది అంటున్నారు. నాకు ఆయన్ను తలుచుకుంటే ఏడుపే వస్తోంది. నా విశ్వాసం చచ్చిపోయిందా అయ్యగారూ?" అని అడిగారు.

లేదమ్మా. చచ్చిపోలేదు. ఎందుకలా అంటున్నానో బైబిల్లోంచే చూపిస్తాను.

దానికంటే ముందు మీరు అడగని సంగతి ఒకటి మాట్లాడాలి. మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువ భయపెట్టింది బైబిలు గురించిన మాట కాదు. "రాత్రిళ్లు లేచి కొట్టంలో ఒక్కడే కూర్చుంటున్నాడు, అన్నం పెడితే నాకెందుకు అంటున్నాడు" అని మధ్యలో ఒక వాక్యం రాశారు, అది. పత్తి పండించే మన ఊళ్లలో కొట్టంలో ఏముంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పురుగుల మందు డబ్బాలు ఈరోజే అక్కడి నుంచి తీయించండి. మీ అన్నదమ్ముల ఇంట్లోనో పాలివాళ్ల దగ్గరో పెట్టి తాళం వేయించండి. తాళం చెవి మీ ఇంట్లో ఉండొద్దు. ఆయన పక్కన ఎవరో ఒకరు ఉండేలా చూడండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, ప్రేమగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని అందరూ జంకుతారు. అట్లా కాదు. ఎవరో ఒకరు అడిగారన్నదానికే గుండె బరువు కొంత దించుకున్న మగవాళ్లను ఇన్నేళ్ల సేవలో నేను చూశాను. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ. డబ్బులు పడవు, రాత్రి పగలు ఎప్పుడు చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం దవాఖానలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికైనా తీసుకెళ్లండి. "ప్రార్థనతో పోవాల్సినదానికి డాక్టరెందుకు" అని ఎవరైనా అంటే వాళ్ల మాట పట్టించుకోకండి.

ఏలీయా సంగతి మీకు తెలుసు కదా. కర్మెలు కొండ మీద అగ్ని దిగివచ్చిన తర్వాత, యెజెబెలు రాణి బెదిరింపు విని అరణ్యంలోకి పారిపోయి, బదరీ వృక్షం కింద కూలబడి, నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు. రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం. అంతటి ప్రవక్త నోట ఆ మాట వస్తే దేవుడు ఆయనకు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి చూపించాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని మళ్లీ తినిపించాడు. హోరేబు కొండ, మెల్లని స్వరం, కొత్త పని, అన్నీ దాని తర్వాతే. నేనొక్కణ్ణే మిగిలానన్న మనిషికి ఆ అధ్యాయం ముగిసేలోపు ఎలీషా తోడు దొరికాడు. కాబట్టి ఈ వారం మీ ఆయనకు వాక్యం వినిపించాలన్న ఆరాటం పెట్టుకోకండి. రెండు ముద్దలు తినేలా, కాస్త కునుకు పట్టేలా చూడండి. అది కూడా వాక్యంలో ఉన్న పనే.

ఇక మీ ప్రశ్న.

77వ కీర్తన తీయండి. ఆలయంలో పాటలు పాడించిన ఆసాపు కీర్తన. మూడో వచనం ఇదీ: "నేను దేవుని జ్ఞాపకము చేసికొనునప్పుడు నిట్టూర్పు విడుచుచున్నాను, నేను ధ్యానించునప్పుడు నా ఆత్మ క్రుంగిపోవుచున్నది." మీరు నాకు రాసిన మాట ఇదేనమ్మా. దేవుణ్ణి తలుచుకుంటే ఆయనకు ధైర్యం రాలేదు, నిట్టూర్పు వచ్చింది. ఆ చుట్టుపక్కల వచనాలు కూడా చూడండి. రాత్రంతా చెయ్యి చాపి ఉన్నా ఓదార్పు దొరకలేదంటాడు. కళ్లు మూతపడటం లేదంటాడు. కలవరంతో నోట మాట రావడం లేదంటాడు. ఆ మీదట ప్రశ్న మీద ప్రశ్న: ప్రభువు ఎప్పటికీ విడిచిపెడతాడా, ఆయన కృప అయిపోయిందా, ఆయన మాట తప్పాడా, కనికరించడం మరిచిపోయాడా? దేవుడు మరిచిపోయాడా అని దేవుణ్ణే అడగడం. ఈ మాటలు మన సంఘంలో ఎవరైనా పైకి అంటే పక్కవాళ్లు నోరు మూయిస్తారు. ఆలయంలో మాత్రం వీటికి రాగం కట్టి పాడారు.

ఎందుకు నొప్పి పుడుతుందో కూడా కీర్తనల్లోనే ఉంది. 42వ కీర్తనలో ఆలయ గాయకులైన కోరహు కుమారులు పాత రోజులు తలుచుకుంటారు. పండుగ చేసుకునే జనంతో కలిసి దేవుని మందిరానికి నడిచిపోయిన రోజులు, ఆ పాటలు, ఆ సందడి. అవి గుర్తుకొస్తే ప్రాణం కరిగిపోతోందంటారు. ఎందుకంటే ఇప్పుడు వాళ్లున్నది ఆలయానికి దూరంగా, హెర్మోను కొండల దిక్కున. పైగా "నీ దేవుడు ఏమాయెను" అని రోజూ దెప్పేవాళ్లున్నారు. మంచి రోజులు చూసిన మనిషికే ఈ నొప్పి ఉంటుంది. మీరు దేవునితో ఎన్నడూ నడవకపోయి ఉంటే ఇప్పుడు ఆయన్ను తలుచుకుంటే ఏమీ అనిపించేది కాదు. అందుకే మీ విశ్వాసం చచ్చిపోలేదన్నాను.

మళ్లీ 77కు రండి. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇక్కడుంది. పదకొండో వచనం దగ్గర మలుపు వస్తుంది: "పూర్వము జరిగిన నీ ఆశ్చర్యకార్యములను నేను మనస్సునకు తెచ్చుకొందును." అక్కడి నుంచి ఆసాపు ఏం గుర్తుచేసుకున్నాడో చూడండి. తన బతుకులో దేవుడు చేసిన మేలు ఒక్కటీ చెప్పడు. నాకు ఉద్యోగం ఇచ్చావు, నా బిడ్డకు జ్వరం తగ్గించావు అనడు. సముద్రం పాయలైన సంగతి ఎత్తుకుంటాడు. నీళ్లు వణికాయి, మేఘాలు కురిశాయి, ఉరుములు, మెరుపులు, భూమి కంపించింది. అదంతా ఆసాపు పుట్టక ముందెప్పుడో, తరాల కింద జరిగింది. ఆయన కళ్లతో చూసింది కాదు. పెద్దవాళ్ల నోట విన్నది. సొంత జ్ఞాపకాల్లో చేతికి ఏదీ దొరకనప్పుడు జనమంతటి జ్ఞాపకంలోకి వెళ్లి దాన్ని తెచ్చుకున్నాడు.

మీరు ఇంకో మాట రాశారు, "నా జీవితంలో దేవుడు చేసిన మేలు ఏదీ ఇప్పుడు గుర్తుకు రావడం లేదు" అని. రాకపోవచ్చు. బాధ మనిషి మెదడుతో అలాగే ఆడుకుంటుంది, మంచివన్నీ కప్పేస్తుంది. "దేవుడు చేసిన మేళ్లు లెక్కపెట్టుకో" అని మీకు చెప్పినవాళ్లు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. కానీ ఆ లెక్క ఇప్పుడు మీతో కాదు. చేయలేకపోతున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మీ బతుకులోంచి ఏదీ తవ్వి తీయక్కర్లేదు. రాసిపెట్టి ఉన్నదాన్ని తీసుకోండి. లేఖనాలు మన చేతికి ఎందుకు వచ్చాయో రోమా పత్రిక 15:4లో పౌలు చెప్తాడు: ఓర్పువల్ల, లేఖనాలు ఇచ్చే ఆదరణవల్ల మనకు నిరీక్షణ కలగాలని పూర్వం రాయబడినవన్నీ మన కోసం రాయబడ్డాయి. మీ లోపల నిరీక్షణ లేదనిపించిన రోజున బయటి నుంచి అందుకోవడానికే పుస్తకంలో పెట్టారు.

యొర్దాను దాటిన రోజున దేవుడు యెహోషువతో నది మధ్యలోంచి పన్నెండు రాళ్లు తీయించి గిల్గాలులో నిలబెట్టించాడు. రేపు పిల్లలు ఈ రాళ్లేంటని అడిగితే చెప్పమన్నాడు. నదిని నడిచి దాటినవాళ్లు కూడా మరిచిపోతారని ఆయనకు తెలుసు. మెదక్ చర్చికి వెళ్లినప్పుడల్లా నాకు ఆ రాళ్లే గుర్తుకొస్తాయి. మీరూ ఎప్పుడైనా వెళ్లే ఉంటారు. కరువు రోజుల్లో ఛార్లెస్ పాస్నెట్ దొర పనికి తిండి ఇచ్చి కట్టించిన గుడి అది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. అందరూ లోపలికి పోగానే తలెత్తి రంగు అద్దాల కిటికీలు చూస్తారు. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. మంచిదే. నేను మాత్రం ఆ గోడల్ని చూస్తాను. తిండి గింజల కోసం పనికొచ్చిన ఆకలి మనుషులు మోసి పేర్చిన రాళ్లవి. పంట పోయిన మన తెలంగాణ పల్లె జనమే. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ల చేతి పని మాత్రం మన ముందు నిలబడి ఉంది. పంట పోయిన ఇల్లు దేవుడు వదిలేసిన ఇల్లని మీకు ఎవరైనా అంటే ఆ గోడల్ని తలుచుకోండి.

విలాపవాక్యములు కూడా చదవమంటాను, కానీ మూడో అధ్యాయం మధ్యలోంచి కాదు, మొదటి నుంచి. మనవాళ్లు 3:22, 23 మాత్రమే చదువుతారు, క్యాలెండర్ల మీద అచ్చేస్తారు: "యెహోవా కృపగలవాడు, ఆయన వాత్సల్యత యెడతెగక నిలుచునది గనుక మనము నిర్మూలము కాకున్నవారము. అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది." ఎంత చక్కని మాట! అయితే ఆ మాట ఎక్కడ కూర్చుని అన్నారో తెలిస్తే దాని బలం ఇంకా తెలుస్తుంది. క్రీస్తుపూర్వం 586లో బబులోను సైన్యం యెరూషలేమును పడగొట్టింది. ఆలయం కాలిపోయింది. ముట్టడిలో పసిపిల్లలు ఆకలితో వీధుల్లో సొమ్మసిల్లి పడిపోయారని అదే పుస్తకం రెండో అధ్యాయంలో ఉంది. ఆ బూడిదలో కూర్చున్న మనిషి ఏడుపు ఇది. ఇంకో సంగతి, ఇందులో మొదటి నాలుగు అధ్యాయాలు హెబ్రీ అక్షరమాల వరసలో రాసినవి. ఆ భాషకు అక్షరాలు 22. ఒకటి, రెండు, నాలుగు అధ్యాయాల్లో 22 వచనాలు. మూడో అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడేసి, మొత్తం 66. మనం "అ" నుంచి "ఱ" దాకా ఒక్క అక్షరం విడవకుండా ఏడ్చినట్టు. దుఃఖాన్ని కుదించలేదు, దాచలేదు, పూర్తిగా చెప్పనిచ్చారు.

మూడో అధ్యాయంలో ఆ మాటకు ముందు ఏముందో చూడండి. నేను బతిమాలినా నా ప్రార్థన వినకుండా చెవి మూసుకున్నాడంటాడు, ఎనిమిదో వచనం. పద్దెనిమిదో వచనంలో "యెహోవాయందు నాకిక ఆశలు లేవనుకొంటిని" అనేశాడు. పంతొమ్మిదిలో తాను తాగిన మాచిపత్రి, చేదు తలుచుకుంటాడు. ఇరవైలో ప్రాణం క్రుంగిపోయింది. ఇరవై ఒకటిలో "నేను దీని జ్ఞాపకము చేసికొనగా నాకు ఆశ పుట్టుచున్నది." ఆశ లేదన్న మాటకూ, ఆశ పుట్టిందన్న మాటకూ మధ్య రెండే రెండు వచనాలు. ఆ రెండు వచనాల నడుమ కాలిన ఇల్లు ఒక్కటీ మళ్లీ లేవలేదు. బబులోను సైన్యం వెనక్కి పోలేదు. దేవుడు ఎలాంటివాడో ఆయనకు గుర్తుకొచ్చింది, అంతే. మళ్లీ అక్కడితో ఏడుపు ఆగిపోయిందా అంటే లేదు. పుస్తకం చివరి వచనం, 5:22, దేవుడు మమ్మల్ని బొత్తిగా విసర్జించాడేమో అన్న బాధతోనే ముగుస్తుంది. ఆశ పుట్టిన తర్వాత కూడా ఏడవొచ్చమ్మా. ఇవాళ పొద్దున ప్రార్థనలో కాస్త నెమ్మది దొరికి, సాయంత్రం అప్పులవాళ్ల ఫోన్ రాగానే మళ్లీ కుప్పకూలితే, పొద్దుటిది అబద్ధమని అనుకోకండి.

ఇప్పుడు ఆ వాగ్దాన కార్డు. దీని గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మీ బాధలో సగం దాని వల్లే వచ్చింది. "పొలములో దీవింపబడుదువు" అన్నది ద్వితీయోపదేశకాండం 28:3. వాగ్దాన దేశంలోకి అడుగుపెట్టబోయే ఇశ్రాయేలు జనమంతటితో మోయాబు మైదానంలో మోషే చెప్పిన నిబంధన మాటలవి. ఆ అధ్యాయం ఒక జనాంగపు చరిత్ర గురించి మాట్లాడుతుంది. పరకాల దగ్గర ఒక కౌలు చేలో ఈ ఏడు పత్తి ఎన్ని క్వింటాళ్లు వస్తుందో చెప్పడానికి దాన్ని రాయలేదు. కార్డులు పంచడం తప్పని అనను. సంవత్సరం మొదట్లో ఒక వాక్యం చేతికి తీసుకుని నడవడం మంచి అలవాటే. కానీ ఒక్క వాక్యాన్ని దాని చోటు నుంచి కోసి ఇస్తే మనిషి దాని మీద అప్పు చేస్తాడు, చేను కౌలుకు పెంచుకుంటాడు, సాక్ష్యం చెప్తాడు, తర్వాత విరిగిపోతాడు. మీ పత్తి ధర పడిపోయింది తేమ వల్ల. తేమ 8 శాతం దాటకుంటేనే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాటితే కొననే కొనదు. అప్పుడు తడిసిన పత్తికి ప్రైవేటు వ్యాపారి ఎంతంటే అంత. దీనికీ మీ విశ్వాసానికీ సంబంధం లేదు. వాన మీ చేలో కురిసినట్టే మీ గెట్టు పక్కవాళ్ల చేలోనూ కురిసింది. "ఏ పాపం చేశారో" అన్నారట మీ బంధువులొకరు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అదే ప్రశ్న అడిగితే యేసు ఏమన్నాడో యోహాను 9వ అధ్యాయంలో ఉంది. వీడైనా వీని కన్నవారైనా పాపం చేయలేదన్నాడు.

యిర్మీయా 29:11 కూడా ఇలాగే కోసి ఇస్తారు, సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావని. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం. దానికి ముందు వచనంలోనే డెబ్బై సంవత్సరాలని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. అయినా అదే ఉత్తరంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి అని దేవుడు చెప్పాడు. ఉన్నచోట, ఉన్న కష్టంలో, ఇవాళ్టి పని చేసుకుంటూ బతకమన్నాడు. మీరు కైకిలికి పోయి వచ్చి అన్నం వండుతున్నారు కదా, మీరు చేస్తున్నది అదే. దాన్ని తక్కువగా చూడకండి.

హబక్కూకు 3:17 మీకు ఎవరో వాట్సాప్‌లో పంపారన్నారు. "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అన్న వాక్యం. అది చదివి ఇంకా కోపం వచ్చిందన్నారు, పంట పోతే సంతోషించమంటారేంటని. ఆ కోపం నాకు అర్థమవుతుంది. అది మూడో అధ్యాయం చివరమ్మా. మొదటి అధ్యాయం రెండో వచనంలో హబక్కూకు ప్రవక్త దేవుణ్ణి "నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు" అని నిలదీశాడు. రెండో అధ్యాయంలో కావలి గోపురం ఎక్కి జవాబు కోసం కనిపెట్టాడు. పంట గురించిన మాటకు సరిగ్గా ముందు వచనంలో పెదవులు వణుకుతున్నాయి, కాళ్లు వణుకుతున్నాయి అంటున్నాడు. మిమ్మల్ని ఒకేసారి చివరి వచనంలోకి దూకమనే హక్కు ఎవరికీ లేదు. మీరిప్పుడు మొదటి అధ్యాయంలో ఉన్నారు. అక్కడే ఉండండి, పర్వాలేదు. అది కూడా అదే పుస్తకం.

ఏం చేయాలో అడిగారు కాబట్టి చెప్తాను. ఎక్కువ పెట్టుకోకండి. రోజుకు మూడు అధ్యాయాల లెక్క ఈ నెలకు వదిలేయండి. 77వ కీర్తన ఒక్కటే తీసుకోండి, అందులో ఉన్నవి 20 వచనాలే. కైకిలికి పోయే ముందు, పొయ్యి దగ్గరైనా సరే, పైకి చదవండి. మనసులో చదివితే అక్షరాల మీద కళ్లు జారిపోతాయి. నోటితో చదివితే కనీసం చెవి వింటుంది. అర్థం లోపలికి పోయిందా లేదా అని పరీక్షించుకోకండి. పదో వచనం దాకా చదివి ఏడుపొస్తే అక్కడ ఆపేసి ఏడవండి, మర్నాడు మళ్లీ మొదటి నుంచి చదవండి. ఒక్కోసారి పదకొండో వచనానికి చేరడానికే వారం పడుతుంది. ఎంజీఎంలో రోగుల దగ్గర కూర్చున్నప్పుడు నేను చేసేది ఇంతే. ఒకే కీర్తన, వెళ్లిన ప్రతిసారీ. కొత్త వాక్యం వెతకను. కొన్నాళ్లకు వాళ్లే తర్వాతి మాట అందుకుంటారు. మీకు చదివే ఓపిక లేని రోజున ఫోన్‌లో ఆడియో బైబిలు పెట్టుకుని పని చేసుకోండి. సొంత మాటలతో ప్రార్థన రాకపోతే కీర్తనే మీ ప్రార్థన అనుకోండి. ఆలయంలో వాళ్లూ పెద్దలు కట్టిన కీర్తనలే నోట పట్టి పాడుకున్నారు.

నోటుపుస్తకంలో మీ బాధ రాయాలనిపిస్తే రాయండి. దేవునికి రాస్తున్నట్టే రాయండి, మెత్తబరచకుండా. ఎవరికీ చూపించక్కర్లేదు.

చర్చికి వెళ్లడం గురించి: వెళ్లండి. సాక్ష్యం చెప్పినందుకు సిగ్గుపడాల్సింది మీరు కాదు. కార్డు చేతికిచ్చి, దాని అర్థం వివరించని మా వంటి సేవకుల బాధ్యత అది. మీ అయ్యగారితో ముందుగా ఒకసారి విడిగా మాట్లాడండి, ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బలం ఉన్న రోజున సంఘంలో లేచి "పంట పోయింది, మేము బాధలో ఉన్నాం, ప్రార్థన చేయండి" అని చెప్పినా అదీ సాక్ష్యమే. మేళ్లు చెప్పినప్పుడే సాక్ష్యం అనుకునే అలవాటు మన సంఘాల్లో ఎక్కువైంది. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు మొరలే. 88వ కీర్తన అయితే చివరి దాకా వెలుగే లేదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. దాన్ని కూడా ప్రధాన గాయకునికి ఇచ్చి జనం మధ్య పాడించారు. మీ చీకటి వింటే సంఘం చెడిపోదు. మీలాగే నోరు మూసుకుని వెనక బెంచీలో కూర్చున్న ఇంకో ఇద్దరికి ఊపిరాడుతుంది.

ఒక హెచ్చరిక. ఇలాంటి సమయంలో "ఇంత కానుక వేయండి, పదింతలు వస్తుంది" అని ఫోన్లు చేసేవాళ్లు, టీవీలో చెప్పేవాళ్లు దొరుకుతారు. అప్పు తెచ్చి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మొక్కుకుని ఉంటే దాని కోసం అప్పు చేయకండి. విధవరాండ్ర ఇళ్లు మింగేవాళ్ల గురించి యేసు మార్కు 12వ అధ్యాయంలో ఏమన్నాడో వాళ్లకు వినిపించండి.

అప్పు సంగతి బైబిలు చిన్నచూపు చూడదు. రాజులు రెండో గ్రంథం 4వ అధ్యాయంలో అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వస్తే ఒక విధవరాలు ఎలీషా దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంది. ఆమె దాచలేదు. ఆయన అడిగిన మాట "నీ యింటిలో ఏమి యున్నది." ఉన్నది నూనె కుండ ఒక్కటే. అద్భుతం జరిగాక కూడా చివరికి ఆయన చెప్పింది, పోయి నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి అని. మీరు కూడా ఒక కాగితం మీద మొత్తం రాయండి: ఎవరికెంత, మిత్తి ఎంత, ఎప్పుడు తీసుకున్నది, పంట లోన్ ఎంత, ఎరువుల దుకాణంలో ఎంత. మీ ఆయన తలలో అది మొత్తం ఒకే కొండలా కూర్చుని ఉంటుంది. కాగితం మీదికి వస్తే ఏది ముందు, ఏది ఆగగలదు అన్నది తెలుస్తుంది. మీ సంఘంలో లెక్కలు తెలిసిన, నోరు జారని పెద్దమనిషిని ఒకరిని కూర్చోబెట్టుకుని మిత్తి ఎక్కువున్న అప్పులవాళ్లతో మాట్లాడించండి. మీ మహిళా సంఘంలో తక్కువ మిత్తికి లోన్ దొరుకుతుందేమో అడిగి, ఎక్కువ మిత్తిది దాంతో తీర్చే దారి ఉందేమో చూడండి. ఈ మాటలు మాట్లాడటానికి మీ ఆయన కూర్చోలేకపోతే బలవంతం చేయకండి, మీరే మొదలుపెట్టండి.

కొడుకు ఇంటర్ మానేస్తానంటున్నాడని చివర్లో రాశారు. ఈ నెలలో ఆ నిర్ణయం తీసుకోనివ్వకండి. కాలేజీలో ప్రిన్సిపాల్‌ను కలిసి ఫీజుకు గడువు అడగండి.

ముందు ఆ డబ్బాలు కొట్టంలోంచి తీయించండి. 14416కు ఫోన్ చేశాక వాళ్లేమన్నారో, మీ ఆయన తింటున్నారో లేదో నాకు రాయండి. మీ అయ్యగారితో నేను మాట్లాడాలంటే అది కూడా రాయండి, మాట్లాడతాను.